నేనే నింపిన యాభై ఫారాలు

మా తోడికోడలంటే నాకు కుళ్లు. ఈ మాట ఇన్నాళ్లకు కాగితం మీద పెడుతున్నాను కానీ, ఆమె మా ఇంట్లో కుడికాలు పెట్టిన రోజు నుంచే అది నాలో ఉంది. ఆమె చెడ్డదైతే నాకింత బాధ ఉండేది కాదు. తిట్టుకుని, నలుగురికి చెప్పుకుని కడుపు చల్లార్చుకునేదాన్ని. మంచిదాన్ని చూసి కుళ్లుకోవడమంత కష్టం ఇంకోటి లేదమ్మా. ఎవరికి చెప్పుకున్నా "ఏం జేసింది నిన్ను?" అనే అడుగుతారు. ఏం చేసిందని చెప్పను? చదువుకుంది.

నాది మిర్యాలగూడ. మా నాన్న అక్కడ ఒక రైస్‌మిల్లులో గుమాస్తా. బీకాం రెండో సంవత్సరం పరీక్షలు రాసిన ఎండాకాలంలో, 2001లో, సూర్యాపేటలో కిరాణ దుకాణం ఉన్న ఇంటికి నన్ను పెద్దకోడలిగా ఇచ్చారు. "మూడో ఏడు గాడ సదువుకుంటది" అని మా నాన్న అన్నాడు. "సదువుకోనీ, మాదేం పోయింది" అని మా మామ అన్నాడు. ఇద్దరూ ఆ మాట నిజంగానే అన్నారు, ఇద్దరూ నిజంగానే మర్చిపోయారు. కొత్తకోడలిని, నేను గుర్తు చేయలేకపోయాను. పుస్తకాలు ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకుని తెచ్చుకున్నాను. వాటి మీదికి చీరలు చేరాయి, చీరల మీదికి పిల్లల బొంతలు చేరాయి.

రెండేళ్లకు మా మామకు మోకాళ్లు పట్టేశాయి. మా ఆయన బియ్యానికీ పప్పులకూ ఊళ్లు తిరగాలి. దుకాణంలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. "నువ్వు జర కూసో, నాలుగు దినాలు" అన్నారు నన్ను. ఆ నాలుగు దినాలు ఇంకా అయిపోలేదు.

కూర్చున్నాక మాత్రం దుకాణం నా చేతికి లొంగింది. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. వేరే దుకాణాల్లో నెల మొదట్లో జనం ఇంటి దగ్గరే సరుకుల చీటీ రాసుకుని వచ్చి ఇస్తారు. మా దుకాణంలో చీటీ నేనే రాసేదాన్ని. వచ్చినామె స్టూలు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ "పోయిన నెల లెక్కనే" అనేది. అంతే, నా పెన్ను కదిలేది. కందిపప్పు ఇంత, చక్కెర ఇంత, పల్లినూనె ఇంత. ఏ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో, ఎవరింట్లో పెసరపప్పు పడదో, ఎవరి ఆడబిడ్డ కాన్పుకు వచ్చి ఉందో, అన్నీ నా నాలుక చివర ఉండేవి. రాస్తూ రాస్తూ పైకే అనేదాన్ని కూడా. "ఏందమ్మా, ఈ నెల బెల్లం రెట్టింపయింది, బిడ్డకు సంబంధం కుదిరిందా ఏంది?" అని. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. మా దుకాణానికి వచ్చేదే ఆ ముచ్చట కోసమని నేను అనుకునేదాన్ని. యాభై అరవై ఇళ్ల చీటీలు ఒక్క కాగితం చూడకుండా రాస్తానని మా ఆయన ఊళ్లన్నీ చెప్పుకునేవాడు. బీకాం పోతే పోయింది, ఈ విద్య ఎవరికుంది అని నాకు లోపల గర్వంగా ఉండేది.

ఆ ఇళ్లలో ఒకటి టీచరమ్మది. మా వీధి చివర ఇల్లు. సర్కారు బడిలో చాలా ఏళ్లు చెప్పి రిటైరైంది. భార్యాభర్తలిద్దరే ఉండేవాళ్లు. నేను వచ్చిన కొత్తలో "మూడో సంవత్సరం ఎప్పుడు రాస్తవమ్మా?" అని నన్ను అడిగిన మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే. అందుకే ఆమె చీటీ నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని, చక్కెర రెండు కిలోల దగ్గర్నుంచీ.

2008లో మా మరిది పెళ్లయింది. పిల్లది కోదాడ. ఎంకాం చదివింది. వచ్చిన నెలకే ఇక్కడి ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. కోదాడ వాళ్ల మాటతీరు కొంచెం ఆంధ్ర వైపు వంగి ఉంటుంది కదా, నన్ను "అక్కా, మీరు కూర్చోండి, నేను చేస్తాను" అనేది. మా ఇంట్లో అక్కచెల్లెళ్లు ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటారు. ఈ "మీరు" వినగానే మా అత్తకు ఎక్కడ లేని మురిపెం వచ్చేది. "ఎంత మర్యాద నేర్పిండ్రు సూడు" అనేది నా వైపు తిరిగి. ఆ "సూడు" నాకే ఎందుకు చెప్పాలి?

మేడ మీద గదిలో నా పచ్చడి జాడీలుండేవి. అవి మెట్ల కిందికి దిగాయి, ఆ గదిలోకి టేబులు, కుర్చీ, కొత్త ఫ్యాను ఎక్కాయి. సాయంత్రం ఆమె కాలేజీ నుంచి రాగానే మా అత్త చాయ్ పట్టుకుని ఎదురుపోయేది. "పోరి నిలవడి నిలవడి పాఠాలు జెప్పొచ్చింది, అలిసిపోయింది" అనేది. పొద్దున ఏడింటి నుంచి కాంటా దగ్గర నిలబడిన కాళ్లు మరి నావి కావా? అవి ఇనుప కాళ్లా? నా చాయ్ నేను పెట్టుకుని, అది పొంగి పొయ్యి మీద పడితే పొయ్యిని తిట్టేదాన్ని.

2013లో ఆమె పీహెచ్‌డీ పరిశోధన మొదలుపెట్టింది. అప్పుడు ఇక అగ్గి మీద ఆజ్యం పడ్డట్టే అయింది. ఒక రోజు అన్నాల దగ్గర మా మరిది అడిగాడు, దేని మీద పరిశోధన అని. ఆమె చెప్పింది: చిన్న పట్టణాల్లో జనం ఇంటి సరుకులు ఎట్లా కొంటున్నారు, ఆ తీరు ఎట్లా మారుతోంది, ఆన్‌లైన్‌లో కొనే పద్ధతి ఇక్కడి దాకా వస్తే ఎవరు కొంటారు, ఎవరు కొనరు, ఎందుకు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్లు తీసుకుంది. ఊరికి యాభై ఇళ్లు.

జనం సరుకులు ఎట్లా కొంటారో చెప్పడానికి ఈమెకు డాక్టరేటా? పదేళ్ల నుంచి ఆ జనం ముందర కూర్చున్నదాన్ని నేను. మా మామ అయితే చెయ్యి కడుక్కుంటూ "మన దుకాణం పుస్తకంల ఎక్కుతదన్నమాట" అని సంబరపడ్డాడు. ఆ దుకాణాన్ని నడిపే మనిషి ఎదురుగానే కూర్చుని మజ్జిగ పోసుకుంటోందని ఎవరికీ తట్టలేదు.

ఆదివారం ఆమె నన్ను మేడ మీదికి పిలిచి ల్యాప్‌టాప్‌లో చూపించింది. పప్పులు, నూనెలు, సబ్బులు, వరసగా బొమ్మలు. ఒక బియ్యం సంచి మీద ఆపింది.

"చూడండక్కా, ఇట్లా నొక్కితే ఇంటికే పంపిస్తారు. ఇప్పటికి పెద్ద ఊళ్లకే. ప్యాకెట్లవి మాత్రం కొన్ని కొరియర్‌లో మన దాకా వస్తున్నాయి."

"పాత బియ్యమా, కొత్తయా?" అన్నాను.

"అది రాయలేదు."

"మరి ఎసరెంత పెట్టాలెనో ఎట్ల తెలుస్తది? కొత్తబియ్యమైతే మెత్తగైతది. బొమ్మను సూసి వండుతరా?"

ఆమె పకపకా నవ్వింది. "భలే పాయింటక్కా ఇది!" అని వెంటనే నోట్‌బుక్ తీసి రాసుకుంది. నా నోట్లోంచి వచ్చిన మాట నా కళ్ల ముందే ఆమె పుస్తకంలోకి ఎక్కింది. పేరు ఆమెది, మాట నాది. ఆ పూట మెట్లు దిగుతూ పచ్చడి జాడీకి కాలు తగిలితే, దెబ్బ తగిలింది నాకైనా జాడీనే తిట్టాను.

తర్వాతి నెల ఆమె మిర్యాలగూడ పోయింది, ఫారాలు నింపించుకోవడానికి. మా పుట్టింట్లోనే దిగింది, మర్యాదే కదా. రెండు రోజుల తర్వాత మా అమ్మ ఫోన్ చేసింది.

"బంగారమసుంటి పిల్లనే! పక్కన కూసోని, నేనేం కొంట, యాడ కొంట, ఎందుకు కొంట, ఒక్కొక్కటి నిమ్మళంగ అడిగింది. గట్ల నన్ను ఎవ్వలు అడగలే ఇప్పటిదాంక. నా బీరువల చీర ఉండె గద, ఆకుపచ్చది, అది పెట్టి పంపిన."

"ఏ ఆకుపచ్చది? బుటాలదా?"

"ఆఁ, గదే."

ఆ చీర మీద నేను రెండేళ్లుగా కన్ను వేసి ఉన్నాను. "నేను నిన్ను ఎన్నడు అడగలేదా అమ్మా?" అన్నాను.

"నువ్వెన్నడు అడిగినవే? వచ్చినవ్, తిన్నవ్, దుకాణం దుకాణమనుకుంట బస్సెక్కినవ్" అంది మా అమ్మ. కోపంగా కూడా అనలేదు.

కోదాడలో ఆమెకు సొంతవాళ్లున్నారు, అక్కడా అయిపోయింది. సూర్యాపేట యాభై మిగిలాయి. ఒక రోజు ఆమె ఆ ఫారాల కట్ట పట్టుకుని దుకాణానికే వచ్చింది. "అక్కా, మీ దగ్గరికి వచ్చేవాళ్లతో నింపించరూ? మీరు చెబితే ఎవరూ కాదనరు. నేను వీధుల్లో తిరిగితే మొహం మీద తలుపేస్తున్నారు." మా అత్త లోపలి నుంచి కేకేసింది. "సెయ్యి పెద్దపిల్లా, చెల్లె పరేషాన్ అయితుంది."

"గిదేం పెద్ద పని, పెట్టిపో" అన్నాను.

ఫారాలు తెలుగులోనే అచ్చయి ఉన్నాయి. ప్రశ్న, దాని పక్కన గళ్లు. వయసు, చదువు, ఇంట్లో ఎందరు. నెల సరుకులు ఎక్కడ కొంటారు? అక్కడే ఎందుకు కొంటారు? ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారా? ఇకముందు తెప్పించుకుంటారా? ఎవరిని ఎక్కువ నమ్ముతారు? పేరు, వీధి మాత్రం ఇష్టముంటేనే రాయమన్నారు.

మొదట వచ్చింది మా పెద్దమ్మ. మాకేం చుట్టం కాదు, అందరం అట్లా పిలుస్తాం. తుంగతుర్తి వైపు వాళ్లు. గొర్లు కాసుకునే ఇల్లు. కొడుక్కు కరెంటాఫీసులో కొలువు దొరికితే ఇక్కడ కిరాయికి ఉంటున్నారు. నేను ఫారం చేతికిస్తే తిప్పి తిప్పి చూసి తిరిగి నాకే ఇచ్చింది.

"నాకేమెరుకనే గివన్ని. సామాన్ చీటీ నువ్వే రాస్తవ్, గిది గూడ నువ్వే రాయి."

రాశాను. ఒక్క ప్రశ్న కూడా ఆమెను అడగలేదు, అడిగే అవసరమే కనిపించలేదు. ఆమె సంచి సర్దుకునేలోపు ఫారం అయిపోయింది. రెండో ఆమె వచ్చింది, ఆమెకు అసలు ఫారం చూపించనే లేదు. వెళ్లాక నింపాను. మూడో ఆమె కోసం ఆగను కూడా ఆగలేదు. వీళ్లను అడిగేదేముంది? వాళ్లకు తెలియంది కూడా నాకు తెలుసు!

మూడు మధ్యాహ్నాలు పట్టింది. నీలం పెన్ను ఒకటి, నల్ల పెన్ను ఒకటి పెట్టుకున్నాను. అక్షరాలు కొన్ని ఇటు వంచాను, కొన్ని అటు వంచాను. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారా? లేదు. తెప్పించుకుంటారా? ఎన్నటికీ తెప్పించుకోరు. ఎవరిని నమ్ముతారు? తెలిసిన దుకాణదారును. ఒక్కో గీత గీస్తుంటే ఆమె పరిశోధన నెత్తిన ఒక్కో మొట్టికాయ వేసినంత హాయిగా ఉంది. నీ కంప్యూటర్లు, నీ బొమ్మలు ఇక్కడ నడవవు చెల్లే, ఇది నా రాజ్యం. చదువు గడి దగ్గర మాత్రం, టీచరమ్మ ఫారంలో 'డిగ్రీ, ఆపైన' అని గీత పెడుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ అని గళ్లున్నాయి. డిగ్రీలో సగానికి గడి లేదు. పేరు, వీధి ఇష్టముంటేనే అన్నారా, నేను యాభైకి యాభై పేర్లూ వీధులతో సహా రాశాను. నాకెంత మంది తెలుసో తెలియాలి కదా మరి.

కట్ట ఇచ్చేసరికి ఆమె కళ్లు ఇంతలేసి అయ్యాయి. "మూడు రోజుల్లోనా అక్కా! పేర్లు కూడా రాయించారా!" మా అత్త పళ్లెంలో అన్నం పెడుతూ "నా పెద్దకోడలంటే ఏమనుకున్నవ్, సూర్యాపేటంత దాని ముందట చేతులు కట్టుకోని నిలవడ్తది" అంది. పన్నెండేళ్లలో ఆమె నన్ను పొగిడింది అదే మొదలు. నిజం చెబుతున్నా, ఆ రాత్రి అన్నం అమృతంలా దిగింది.

పది రోజుల తర్వాత ఆమె దుకాణం ముందు నిలబడి చెప్పింది. వాళ్ల గైడు ఫారాలు చూసి సంతోషించారట. అయితే ఊరికి కొందరి ఇళ్లకు వెళ్లి ఇంకొంచెం వివరంగా మాట్లాడి రమ్మన్నారట. "మొదట టీచరమ్మగారింటికి వెళ్దామక్కా. మీరూ వస్తే బాగుంటుంది, నన్ను వాళ్లు ఎరగరు కదా."

పని ఉంది అన్నాను. మా ఆయన అక్కడే ఉన్నాడు. "నేను సూసుకుంట, నువ్వు పోయిరా" అన్నాడు. ఇక తప్పలేదు. పోనీ, టీచరమ్మ మనమనిషే, కనుసైగ చేస్తే అర్థం చేసుకుంటుందిలే అనుకుంటూ నడిచాను.

టీచరమ్మ మమ్మల్ని వంటింటి పక్క గదిలో కూర్చోబెట్టింది. నీళ్లు తేవడానికి లేచి పక్కకు జరిగితే ఆమె వెనక ఉన్న అలమర కనిపించింది. అట్టపెట్టెలు. కొరియర్ టేపు అంటించినవి, నాలుగైదు. ఒకదాంట్లోంచి ఓట్స్ పాకెట్లు, ఇంకోదాంట్లోంచి ఏవో గింజల పాకెట్లు బయటికి కనిపిస్తున్నాయి. నేను కనుసైగ చేయడం మర్చిపోయాను.

మా తోడికోడలు ఫారం తీసి వినయంగా అడిగింది. "అమ్మా, ఆన్‌లైన్‌లో ఎన్నటికీ కొననని రాశారు. దాని గురించి కొంచెం..."

"ఎవరు రాసిన్రు?" అంది టీచరమ్మ. కళ్లద్దాలు పెట్టుకుని ఫారం అందుకుంది. "ఇది నా రాత కాదమ్మా. ఈ ఫారం నేను సూడనే లేదు."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. నేలలో గచ్చు పగుళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. టీచరమ్మ అక్షరాల వైపు చూసింది, నా వైపు చూసింది. ఎన్నో ఏళ్లు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి! 'చక్కెర' అని నా చేత్తో రాసిన చీటీలు ఎన్ని చూసిందో.

తర్వాత టీచరమ్మ ఫారం మడిచి నా ఒడిలో పెట్టింది. "నీకు ఎప్పటినుంచో చెబుదామని చెప్పలేకపోయిన. మా సారుకు షుగరొచ్చి ఏడాది దాటింది. మా ఇంట్ల చక్కెర మానేసినం. నువ్వు నెలనెలా రెండు కిలోలు కడ్తనే ఉన్నవ్. పనామెకు ఇచ్చేస్తున్న."

"ఒక్క మాట చెప్పకపోతిరి?" అన్నాను.

"చెప్పనిస్తవా? నేను నోరు తెరిసేలోపు రాసేస్తవ్. ఒక్కసారి ఓట్స్ ఉన్నయా అని అడిగిన. యాదుందా? 'ఏం టీచరమ్మా, గంజి తాగే రోజులొచ్చినయా' అన్నవ్. నలుగురు నవ్విన్రు. నేను గూడ నవ్విన. మా సారు బీమారి బజార్ల పెట్టుకునుడు ఆయనకు ఇష్టం లేదమ్మా. హైదరాబాదుల మా అన్న బిడ్డ కంప్యూటర్ల బుక్ చేస్తది, పెట్టె ఇంటికొస్తది. ఎందుకు కొంటున్నవని ఆ పెట్టె అడగదు."

నేను లేచాను. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా తెలియలేదు. వీధిలో సగం దూరం వచ్చాక తెలిసింది, మా తోడికోడలి చెప్పులు నేను వేసుకున్నానని. వెనకాలే ఆమె నా చెప్పులు చేత్తో పట్టుకుని వస్తోంది. అది చూసి నాకు ఇంకా మండింది.

"పో, పోయి అత్తమ్మకు చెప్పు! నీ మొగనికి చెప్పు, మీ బావకు చెప్పు, పేపర్ల ఎక్కించు! దొంగ ముఖంది, ఫారాలన్ని తనే రాసిందని చెప్పు!" నడివీధిలో అరిచాను.

ఆమె చెప్పులు కింద పెట్టింది. "అన్నీ మీరే రాశారా? యాభై?"

"యాభై."

"అక్కా, ఇవి ఆ ఇళ్లవాళ్లే ఇచ్చిన జవాబులని నేను సంతకం పెట్టాల్సి ఉంది. వచ్చే వారమే. పెట్టేసి ఉంటే, తర్వాత బయటపడి ఉంటే, నా పీహెచ్‌డీ పోయేది. కాలేజీలో కొలువు కూడా." చెప్పులు మార్చుకుని ముందు నడిచింది. ఆ నిమిషం దాకా నేను ఆమె చదువును చూసి కుళ్లుకున్నానే కానీ, అది పోతే ఏమవుతుందని ఎన్నడూ ఆలోచించలేదు.

ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులు నేను ఎదురుచూశాను. మా అత్త గొంతు సవరించుకుంటే చాలు, నా భుజాలు నేనే తడుముకున్నాను. చెప్పలేదన్న కృతజ్ఞత ఉండాలి కదా నాకు? లేదు. ఇందులోనూ ఆమెదే పైచేయి అయిందే అని కుళ్లుకున్నాను. మనిషిలో అంత ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది! కోదాడ నీళ్లలో ఉందా?

నాలుగో రోజు పెద్దమ్మ వచ్చింది. స్టూలు మీద కూర్చుని "పోయిన నెల లెక్కనే" అంది. నా పెన్ను కాగితం మీద పెట్టాను, కదల్లేదు.

"ఏమేం గావాలె పెద్దమ్మా? నువ్వు చెప్పు."

"ఏందే, పానం బాగలేదా? ఎప్పటి లెక్కనే."

"బాగనే ఉంది. నువ్వు చెప్పు, నేను రాస్త."

ఆమె చాలాసేపు అలమర్ల వైపు చూసింది. తర్వాత చెయ్యెత్తి చూపించింది. "గా ఎర్ర పాకెట్ చాయపత్త ఉన్నది గద, గది ఒకటియ్యి. మూడేండ్ల సంది తాగాలనుంది."

"మూడేండ్ల సంది? మరి ఎన్నడు అడగకపోతివి?"

"నువ్వు పచ్చ పాకెట్ కడ్తుంటివి. ఏదో నీకెరుకై కడ్తున్నవనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియక పాకెట్ తీసి ఇచ్చాను. మా ఆయన పొగడ్తలు, నా విద్య, నా రాజ్యం, అన్నీ ఆ ఎర్ర పాకెట్ దగ్గర తేలిపోయాయి. నా దుకాణానికి ఇంకా వస్తున్నవాళ్లలో ఎంతమంది ఇంట్లో ఎన్ని అట్టపెట్టెలున్నాయో అని ఆ పూటంతా గుబులుగానే ఉంది.

సాయంత్రం నేనే మేడ ఎక్కాను. ఆమె గైడుకు ఏదో రాస్తోంది. నేను నింపిన కట్ట టేబులు మీద దారంతో కట్టి ఉంది.

"ఇయి చింపెయ్" అన్నాను.

"చింపనక్కా." కుర్చీ నా వైపు జరిపింది, తాను మంచం అంచున కూర్చుంది. "గైడుగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, మీ పేరు చెప్పకుండా. ఈ యాభై ఇళ్లకూ నేనే వెళ్లి మళ్లీ అడుగుతాను. వాళ్ల జవాబులూ ఈ జవాబులూ పక్కపక్కన పెడతాను. దుకాణదారు అనుకునేది ఏది, కొనేవాళ్ల మనసులో ఉన్నది ఏది, అని. ఆయన ఒప్పుకున్నారు. కానీ మీరు వద్దంటే రాయను. మీ ఇష్టం."

చూశారా! నేను చేసిన దొంగపని కూడా ఆమె చదువుకే కలిసొచ్చింది. ఆ క్షణం నాకు కలిగిన కుళ్లు ముందూ వెనకా ఎన్నడూ కలగలేదు. వద్దు అనే మాట నాలుక మీదే ఉంది. కానీ "మీ ఇష్టం" అని మా ఇంట్లో నన్నెవరూ అనగా నేను వినలేదు. బీకాం మానేసినప్పుడు కూడా.

"నీకు తలుపులు తియ్యరు" అన్నాను చివరికి. "నేను వస్త. వాకిట్లనే నిలవడ్త. లోపలికి రాను."

అట్లా తిరిగాం, ఎండల్లో, ఆమె కాలేజీ లేని రోజుల్లో. గేటు దగ్గర నేను పిలిచేదాన్ని, తలుపు తీశాక "మా చెల్లె, మాట్లాడుతది" అని చెప్పి బయటే ఆగిపోయేదాన్ని. లోపల మాటలు వినబడేవి, అర్థమయ్యేంత గట్టిగా మాత్రం కాదు. నాతో పదేళ్లుగా "పోయిన నెల లెక్కనే" తప్ప ఇంకో మాట ఎరగని ఆడవాళ్లు ఆమెతో అరగంట, గంట మాట్లాడేవాళ్లు. ఒక్కోసారి నవ్వులు. ఒకసారి ఎవరో ఏడ్చారు కూడా. ఏముంది అంతసేపు చెప్పడానికి? నాకెందుకు చెప్పలేదు? గోడ నీడలో నిలబడి నన్ను నేనే ఇవి అడుక్కునేదాన్ని. బయటికి వచ్చాక ఏం చెప్పారని నేను అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. నిలబడి నిలబడి కాళ్లు నొప్పి పుడితే, అరుగు మీద కూర్చుని ఆమె రెండు సీసాల నీళ్లలో ఒకటి తాగేదాన్ని.

2014 చివర్లో పరిశోధన గ్రంథం తయారైంది. అచ్చుకు పంపే ముందు కాగితాలు టేబులు మీద ఉంటే మా అత్త చాయ్‌కు పిలవమంటే మేడ మీదికి వెళ్లి చూశాను. ఇంగ్లీషులోనే ఉంది కానీ రెండేళ్ల బీకాం ఊరికే పోలేదు, మొదటి పేజీ చదవగలిగాను. సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు. గైడు, కాలేజీ, భర్త. ఆ తర్వాత నేను. 'అసూయ అంటే ఏమిటో ఎరగని మా అక్కకు' అని ఉంది.

"గిదేంది?" అన్నాను.

ఆమె తలెత్తింది. "ఏదక్కా?"

"నా గురించి రాసినవ్ గద. నన్ను అడిగినవా?"

ఆమె ఆ వాక్యం చదువుకుంది. మూడు ఊళ్లలో నూటయాభై ఇళ్లు ఒక్కొక్క ప్రశ్నా అడుగుతూ తిరిగిన మనిషి, ఒకే ఇంట్లో ఉన్నదాన్ని అడగలేదు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. పైన ఖాళీ ఉంది.

"చెప్పండక్కా. ఏం రాయమంటారు?"

నన్నడిగితే నాకేం తోచలేదు, ఆ రోజు అలమర వైపు చూస్తూ కూర్చున్న పెద్దమ్మకు లాగే. కింద మా అత్త చాయ్ అని పిలుస్తోంది. చివరికి ఉన్నదే చెప్పాను.

"ముందుగాల నుంచి నా మీద కుళ్లుకుంది, ఇప్పటికి గూడ కుళ్లుకుంటుంది, గాని ఎండల నాతోని తిరిగింది. గట్ల రాయి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నవ్వలేదు. తల దించి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. నేను కుర్చీ వెనక నిలబడి, చెప్పింది చెప్పినట్టు రాస్తోందో లేదో అక్షరం అక్షరం చూసుకున్నాను.